తాతబ్బాయి గారి పెంటకుప్ప

చింతలంక, రాజోలు మండలం
జూలై

వదినగారికి జెస్సీ వందనాలు.

మొన్న ఫోనులో మీరడిగిన దానికి నేను చెప్పిన జవాబు మీకు సరిగ్గా వినబడలేదని ఫోను పెట్టేశాక అర్థమైంది. నేను "చెట్లు పోతున్నాయండీ" అన్నాను. మీరు "చాలా సంతోషం" అన్నారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఇక మీదట తోట సంగతులన్నీ ఉత్తరంలోనే రాస్తాను.

తూర్పు వైపు లేత కొబ్బరి చెట్లకి కొమ్ముపురుగు పట్టింది. నల్లగా, బొటనవేలంత ఉంటుంది, తల మీద కొమ్ముంటుంది. మొవ్వులోకి దూరి, ఆకు ఇంకా మడతల్లో ఉండగానే కొరికేస్తుంది. ఆకు విచ్చుకునేసరికి ఎవరో కత్తెర పట్టుకుని పనిగట్టుకు కోసినట్టుంటుంది. మొవ్వు కుళ్ళిపోతే చెట్టు పోయినట్టే. ఈ ఏడాది కొన్ని అలాగే పోయాయి. కాయల దింపు తీసే మనిషి ఇనప చువ్వతో గుచ్చి కొన్నిటిని బయటికి లాగాడు. లాగినవాటికి రెట్టింపు మళ్ళీ వచ్చాయి.

ఉద్యాన పరిశోధన కేంద్రానికి వెళ్ళి అడిగాను. ఈ పురుగు చెట్టు మీద పుట్టదట. పెంటకుప్పల్లోనూ, పుచ్చిపోయిన మానుల్లోనూ గుడ్లు పెడుతుందట. పిల్లపురుగులు ఆ కుళ్ళులోనే తెల్లగా, లావుగా పెరుగుతాయట. అక్కడే వాటికి రోగం తెప్పించాలన్నారు. దానికొక బూజు ఉంది, పేరు మెటారైజియం. మనుషులకీ, పశువులకీ, చెట్టుకీ ఏమీ చెయ్యదు, ఈ పురుగుని మాత్రం చంపుతుంది అన్నారు. ఒక చిన్న పొట్లం ఇచ్చారు. మిగతాది ఉడికించిన బియ్యం మీద మనమే పెంచుకోవచ్చట.

తోట మీదీ, మీ తమ్ముడిదీ. ఆయన్ని అడిగితే "అక్క ఏమంటే అదే" అన్నారు. దోహాలో ఉన్నా ఇక్కడున్నా ఆయన జవాబు అదేనని మీకు తెలుసు. కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు సరేనంటే మొదలుపెడతాను.

జెస్సీ

*

విశాఖపట్నం
జూలై

జెస్సీకి,

ఉత్తరం చేరింది. చెట్లు పోయినందుకు సంతోషించినట్టు ఎవరికైనా చెప్పావేమో, చెప్పకు.

నేను ఉద్యోగమంతా పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో చేశాను. హెడ్ నర్సుగా నా పని ఒక్కటే, ఏ క్రిమీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళకుండా చూడడం. గోడ మీద బూజు మచ్చ కనబడితే ఇద్దరికి మెమో ఇప్పించేదాన్ని. ఇప్పుడు నువ్వు బూజు పెంచడానికి నా అనుమతి అడుగుతున్నావు.

కొన్ని ప్రశ్నలు. ఆ బూజు పురుగుని ఎలా చంపుతుంది? ఆవు ఆ కుప్ప దగ్గర మేస్తే ఏమవుతుంది? నువ్వు చేత్తో ముట్టుకుని ఆ చేత్తోనే అన్నం తింటావా? నువ్వు తింటావని నాకు నమ్మకం.

అయినా ఇంత అవస్థ నీకెందుకు? తమ్ముడు దోహా రమ్మంటూనే ఉన్నాడు. వీసా సంగతి కూడా కనుక్కున్నాడట. ఒక్కదానివీ ఆ తోటలో పురుగుల వెంట ఎన్నాళ్ళు తిరుగుతావు? మన ఊరి సుభాష్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. ఓడలరేవు వైపు రొయ్యల చెరువులు బాగా నడుపుతున్నాడట. మంచి కుర్రాడు, నాకు వినబడేలా మాట్లాడతాడు.

బూజు సంగతి, ఇంకా సరే అనలేదు.

సరోజిని

*

చింతలంక
ఆగస్టు

వదినగారికి వందనాలు.

మీ ప్రశ్నలకి జవాబులు. బూజు విత్తనం పిండిలా ఉంటుంది. పురుగు ఒంటికి అంటుకుంటే అక్కడే మొలకెత్తి, చర్మంలోంచి లోపలికి వేరు దింపి, లోపలంతా తినేస్తుంది. పురుగు బిగుసుకుపోయి చస్తుంది. ముందు తెల్ల నూగు వస్తుంది, తరవాత పచ్చగా మారుతుంది. ఆ పచ్చపొడి మళ్ళీ పక్క పురుగుకి అంటుతుంది. ఆవుకి ఏమీ కాదు. చేతులు కడుక్కునే తింటున్నాను.

మీరు వద్దని కూడా అనలేదు కాబట్టి ఒకసారి చేసి చూశాను. బియ్యం సగం ఉడికించి, సీసాల్లో పోసి, పొట్లంలో పొడి కొంచెం కొంచెం చల్లి మూతలు పెట్టాను. వారం తిరిగేసరికి బూజు వచ్చింది. పచ్చది కాదు, నల్లది. ఒక సీసాలో గులాబీ రంగుది కూడా వచ్చింది. చూడ్డానికి ఆ సీసాయే బాగుంది. వాసనకి మాత్రం పిల్లి ఇల్లు వదిలి రెండు రోజులు తాతబ్బాయి గారింట్లో ఉంది.

తాతబ్బాయి గారు మీకు గుర్తుండే ఉంటారు. మన తోటకీ ఆయన తోటకీ మధ్య నీళ్ళ బోదె ఒక్కటే. ఆయన పెంటకుప్ప ఇప్పుడు పశువుల పాక చూరు దాటింది. ఆయనకి అదొక హోదా. బంధువులెవరైనా వస్తే ముందు కుప్ప చూపించి తరవాత ఇంట్లోకి తీసుకెళ్తారు. మన పురుగులు సగం ఆ కుప్పలోనే పుడుతున్నాయని నా అనుమానం. వెళ్ళి అడిగాను.

"బాబాయిగారూ, మీ కుప్పలో ఈ మందు కలపనిస్తారా?"

"మందంటే ఏం మందండి?"

"పురుగుకి రోగం తెప్పించేదండి."

ఆయన కుర్చీలోంచి లేచారు. "రోగమా? నా కుప్పకా? ఏవండీ జెస్సీ గారూ, మా నాన్న హయాం నుంచీ ఈ కుప్ప మీద ఎవరూ వేలెత్తి చూపలేదండి. ఈ కుప్ప పుణ్యవే నా వరి. దానికి రోగం అంటిస్తానంటారా? నేను బతికుండగానే?"

వాళ్ళావిడ వెంకటలక్ష్మి గారు లోపల్నించి మజ్జిగ పంపించారు. తాగి వచ్చేశాను.

సీసాల్లో నల్లబూజు ఎందుకొచ్చిందో మీకేమైనా తెలుసా?

జెస్సీ

*

విశాఖపట్నం
ఆగస్టు

జెస్సీకి,

ఎందుకొచ్చిందో నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? నువ్వు చేసింది వంట. అక్కడ చెయ్యాల్సింది స్టెరిలైజేషన్. రెంటికీ ఒకటే కుక్కరు వాడతాం కాబట్టి ఒకటేననుకున్నావు.

సీసాలు కాదు, ముందు నువ్వు. తల గుడ్డతో కట్టుకో. మోచేతుల దాకా సబ్బుతో కడుగు, కొంగుతో తుడవకు. గాజులు తీసెయ్. బియ్యం సీసాల్లో సగానికే పొయ్యి, మూతి దూదితో గట్టిగా బిగించి, దాని మీద కాగితం కట్టి, అప్పుడు కుక్కర్లో పెట్టు. పప్పుకి పెట్టినట్టు మూడు కూతలకి దించకు, గంట సేపు ఉంచు. చల్లారే దాకా తెరవకు. ఆత్రం ఉన్నవాళ్ళు థియేటర్లో పనికిరారు.

పొడి వేసేటప్పుడు ఫ్యాను ఆపు, కిటికీలు మూసెయ్, స్పిరిట్ దీపం పక్కన పెట్టుకో, సీసా మూతి దాని మంట దగ్గరే తెరిచి దాని దగ్గరే ముయ్యి. అప్పుడు మాట్లాడకు. నీ పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళనీ మాట్లాడొద్దను. పిల్లిని ముందే బయటికి పంపు, దానంతట అది వెళ్ళే దాకా ఆగకు.

నల్లబూజు సీసాలు తెరవకుండా మళ్ళీ కుక్కర్లో పెట్టి, ఉడికించి పాతిపెట్టు. గులాబీ రంగుది కూడా. బాగుందని ఉంచుకోకు.

ఇవన్నీ చెప్పానంటే నేను ఒప్పుకున్నట్టు కాదు. చేస్తే సరిగ్గా చెయ్యాలి కాబట్టి చెప్పాను.

సరోజిని

*

చింతలంక
సెప్టెంబరు

వదినగారికి వందనాలు.

పచ్చగా వచ్చింది. అన్ని సీసాల్లోనూ. వరి నారుమడి రంగు. మీరు ఇక్కడుంటే సీసాలు చూసి ఏమీ అనేవారు కాదు, ఏమీ అనలేదంటే బాగుందన్నట్టని మీ తమ్ముడు చెప్పారు.

మన కుప్పలో కలిపాను. పడమర వైపు పుచ్చిన మానులు చీల్పించి వాటిలోనూ చల్లాను. వానలు పడుతున్నాయి, తేమ బాగా ఉంది. దీనికి తేమే కావాలి, ఎండ పడకూడదు. ఎర బకెట్లు కూడా కట్టాను. వాటి వాసనకి పెద్ద పురుగులు వచ్చి పడుతున్నాయి.

మీరు చూడ్డానికి ఒక చిన్న సీసా బస్సు కార్గోలో పంపుతున్నాను. పార్సిల్ ఆఫీసులో "లోపల ఏముందండి" అని అడిగారు. "అన్నం" అన్నాను. అబద్ధం కాదు.

జెస్సీ

*

విశాఖపట్నం
అక్టోబరు

జెస్సీ,

సీసా అందింది. దూది బిగింపు పరవాలేదు.

అసలు సంగతి. నువ్వు బకెట్లలో పడిన పురుగుల్ని చంపకుండా, పొద్దుగూకే వేళ తోటలో నిలబడి, ఒక్కొక్కటే గాల్లోకి వదులుతున్నావట. తాతబ్బాయి గారు చూశారట. ఊళ్ళో గొడవైందట, సర్పంచి గారి దగ్గర కూర్చోబెట్టారట. సుభాష్ మెసేజ్ పెడితే తెలిసింది. నీ ఉత్తరంలో ఎర బకెట్ల దాకా రాసి ఆపేశావు. నాకు చెవులే సరిగ్గా లేవు, చదవడం బాగానే వచ్చు. ఆపిన చోటు కనబడింది.

నిజమేనా? నిజమైతే ఎందుకు?

సరోజిని

*

చింతలంక
అక్టోబరు

వదినగారికి వందనాలు.

నిజమే. చెప్తే మీరు వద్దంటారని రాయలేదు. వద్దంటే మానెయ్యాల్సి వస్తుంది.

తాతబ్బాయి గారు తన కుప్ప మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. నేను ఆ కుప్ప దగ్గరికి వెళ్ళలేను గానీ పురుగు వెళ్తుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పరిశోధన కేంద్రంలో వాళ్ళే చెప్పారు. బకెట్లో పడిన పురుగుని పచ్చపొడిలో దొర్లించి వదిలేస్తే అది వెంటనే చావదు. కొన్నాళ్ళు తిరుగుతుంది. గుడ్లు పెట్టడానికి మంచి కుప్ప వెతుక్కుని అందులో దూరుతుంది. పిల్లలతో పాటు రోగం కూడా అక్కడ పెట్టి చస్తుంది. ఈ చుట్టుపక్కల తాతబ్బాయి గారి కుప్పని మించినది లేదు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్తారు.

కూర్చోబెట్టిన మాట కూడా నిజమే. పంచాయతీ ఆఫీసు అరుగు మీద కుర్చీలు వేశారు. నాకూ ఒకటి వేశారు. మంచినీళ్ళు ఇచ్చారు. అందరూ చాలా మర్యాదగా మాట్లాడారు. ఆ మర్యాద చూసి మంచినీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాను.

తాతబ్బాయి గారు లేచి, "జెస్సీ గారంటే మాకు గౌరవవేనండి. పెద్దింటి కోడలు. కానండీ, నేను నా కళ్ళతో చూసేను. బకెట్టు నిండా కొమ్ముపురుగులండి. ఒక్కోదాన్నీ తీసి, ఏదో పూసి, మా తోట వైపు వదులుతున్నారండి. ఒకటి తిరిగొచ్చి ఆవిడ చేతి మీదే వాలితే మళ్ళీ విసిరేరండి" అన్నారు.

అదీ నిజమే.

సర్పంచి గారు నన్నడిగారు. "ఏమ్మా, పట్టుకున్న పురుగుని ఎవరైనా వదులుతారా?"

"వాటికి రోగం అంటించి వదులుతున్నానండి."

"రోగం వచ్చిన పురుగు చెట్టెక్కదా?"

ఎక్కదని చెప్పలేకపోయాను. కొన్ని ఎక్కుతాయి. ఉన్నమాటే చెప్పాను. "కొన్ని ఎక్కొచ్చండి. కానీ అవి ఎక్కువ తినలేవు. వాటి వల్ల కుప్పలో చచ్చేవి చాలా ఎక్కువండి."

"చచ్చినవి చూపించగలరా?"

"మా కుప్పలో చూపిస్తానండి."

అందరూ లేచి మన కుప్ప దగ్గరికి వచ్చారు. తవ్వాం. తెల్లటి పిల్లపురుగులు బాగా బతికున్నవి వచ్చాయి. లావుగా, హాయిగా ఉన్నాయి. బిగుసుకుపోయినవి రెండో మూడో కనబడ్డాయి, అవి కూడా ఇంకా పచ్చబడలేదు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. వెనకనుంచి ఎవరో "పాపం, వాళ్ళాయన దగ్గర లేరు కదండి" అన్నారు.

పురుగులు వదలడం ఆపాలని చెప్పారు. సరేనన్నాను. చుట్టుపక్కల ఎవరి చెట్టు పోయినా ఆ మాట ఇప్పుడు నా మీదికే వస్తుంది. సంతలో నేను వెళ్తే కూరగాయలమ్మే ఆవిడ "ఏం పురుగులమ్మా" అని పలకరించింది. పాపం ఆవిడ ఉద్దేశం మంచిదే.

ఇంతవరకూ నిన్న రాశాను. ఈ పొద్దున్న సుభాష్ వచ్చాడు. తోడు కొలత గొలుసు పట్టుకున్న ఇద్దరు మనుషులు. తోటకి నాలుగు మూలలా ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతారు. ఏమిటని అడిగాను.

"విశాఖ పెద్దమ్మగారు మాటిచ్చేరండి. వేసవిలో చెట్లు తీసేసి రొయ్యల చెరువు తవ్వుకోమన్నారండి. మీకు చెప్పలేదా అండి?" అన్నాడు. ఆ కుర్రాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. జూన్‌లోనే మాటయిందట.

జూన్ తరవాత మీరు నాకు రెండు నెలల పాటు దూది ఎలా బిగించాలో రాశారు.

ఇట్లు,
శ్యామ్ సుందర్ భార్య

*

విశాఖపట్నం
నవంబరు

జెస్సీకి,

మాటిచ్చింది నిజం. నీకు చెప్పకపోవడం కూడా నిజం.

సుభాష్ ఫోన్ చేసి చెట్లు పోతున్నాయి, ఆవిడ ఒక్కరూ అవస్థ పడుతున్నారు, ఈ తోట చెరువైతే ఆవిడ నిశ్చింతగా దోహా వెళ్ళిపోవచ్చు అన్నాడు. తమ్ముడిని అడిగాను. "నీ ఇష్టం అక్కా" అన్నాడు. సరే, ముగ్గురికీ మంచిదేననుకున్నాను. ఆ ముగ్గురిలో నిన్ను కూడా లెక్కేసుకున్నాను. అడగలేదు, అంతే. మా ఆసుపత్రి వార్డుల్లో రోగిని అడక్కుండా మంచం మార్చేవాళ్ళు, కిటికీ పక్కకి మార్చాం కదా, సంతోషిస్తుందిలే అనుకునేవాళ్ళు.

తరవాత నీ ఉత్తరాలు వచ్చాయి. చెప్దామనుకునేసరికి నల్లబూజు వచ్చింది. అది సరిచేశాక చెప్దామనుకున్నాను. పచ్చబూజు వచ్చింది. అప్పుడు చెప్పబుద్ధి కాలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. నీకు దోహా వెళ్ళాలని ఉందా?

సరోజిని

*

చింతలంక
డిసెంబరు

వదినగారికి,

మీ ప్రశ్నకి జవాబు వెంటనే రాయలేదు. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. పూర్తిగా తగ్గలేదు, కానీ ఈలోగా చెప్పాల్సిన సంగతులు జరిగాయి.

నాకు దోహా వెళ్ళాలని లేదు. ఒకసారి వెళ్ళాను, చూశాను. మీ తమ్ముడు పనికి పోతే నేను ఎనిమిదో అంతస్తులో కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. మా అమ్మమ్మ జీవితమంతా పరాయి తోటల్లో కాయలు మోసింది. రాలిన మట్ట ఒకటి ఇంటికి తెచ్చుకోవాలన్నా ఆసామిని అడిగి తెచ్చుకునేది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆవిడ చూడ్డానికి వచ్చి, తోటంతా తిరిగి, పోతూ పోతూ ఒక మట్ట ఈడ్చుకుంటూ బయల్దేరింది. "ఎవరినీ అడగలేదేం అమ్మమ్మా" అంటే, "నా మనవరాలి తోటే" అంది. కాగితాల మీద నా పేరు లేదని నాకు తెలుసు. ఆవిడకి తెలీదు. తెలియకుండానే పోయింది. అందుకని నేను చెట్లు తీయించను. పురుగు తింటే తిననివ్వండి. నేను మాత్రం తీయించను.

ఇక జరిగింది.

సుభాష్ కర్రలు పాతిన మర్నాడు తాతబ్బాయి గారు బోదె దాటి వచ్చారు. పంచాయతీ తరవాత ఆయన మన గడప తొక్కలేదు. కర్రల చుట్టూ ఒకసారి తిరిగారు. ఒకదాన్ని చేత్తో కదిపి చూశారు.

"చెరువా అండి?"

"ఆయ్. వదినగారు మాటిచ్చారటండి."

"ఉప్పు నీళ్ళు పెడతారు కదండీ?"

"పెడతారండి."

ఆయన బోదె వైపు చూశారు. "అయితే ఈ బోదె ఇవతల మీది చెరువు, అవతల నాది తోటన్నమాట. ఉప్పు బోదె దగ్గర ఆగుతుందాండీ? పురుగంటే చెట్టుకొకటి పోద్దండి. ఉప్పు దిగితే అన్నీ ఒక్కసారే పోతాయండి. మా మరదలు వాళ్ళ తోట అలాగే పోయింది. బావిలో నీళ్ళు కూడా పోయేయి."

"నాకు ఇష్టం లేదండి బాబాయిగారూ" అన్నాను.

"మరి చెప్పరేవండీ!" అని, ఇబ్బందిగా అడిగారు. "ఆ రోగం ఇంకా ఉందాండీ మీ దగ్గర?"

"ఉందండి."

"అయితే నా కుప్పకి కూడా వెయ్యండి. మీ చెట్లు బాగుంటే పెద్దమ్మగారు చెరువు మాట మానుకుంటారేమో."

కొత్త సీసాలు పచ్చబడ్డాక, ఈ నెల మొదట్లో వాటిని తీసుకుని వెళ్ళాను. కుప్ప మీద చెయ్యి పడేసరికి ఆయన మొహం తిప్పుకున్నారు, ఆడపిల్లకి ఇంజక్షను చేయిస్తున్నట్టు. దాళ్వా వరి నాట్లకి కుప్పలోని గత్తం పొలానికి తోలాలి కాబట్టి ఒక పక్క తవ్వడం మొదలుపెట్టారు. నేను పక్కన నిలబడి చల్లుతున్నాను.

మోకాలి లోతు తవ్వాక పార ఆపి, "ఇదేవిటండి?" అన్నారు.

పిల్లపురుగు. వేలంత లావు. బిగుసుకుపోయి, సుద్దముక్కలా గట్టిగా ఉంది. ఒంటి నిండా పచ్చపొడి. ఇంకో పార వేశారు. ఇంకో నాలుగు. అలా తవ్వుతుంటే అవే వస్తున్నాయి. కొన్ని తెల్ల నూగుతో, కొన్ని పూర్తిగా పచ్చగా. వాటి మధ్య చచ్చిన పెద్దపురుగు ఒకటి, కొమ్ము తప్ప ఒళ్ళంతా పచ్చబడి ఉంది. నేను వదిలినదేనని గుర్తుపట్టలేను గానీ, ఆ రంగులో ఇంకెవరూ వదలరు.

ఆయన ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చూశారు. పంచాయతీలో ఏమీ చూపించలేక నిలబడ్డ రోజు గుర్తొచ్చి, నేను ఇంకో నాలుగు ఏరి గట్టు మీద వరసగా పెట్టాను.

"మన మందు ఇప్పుడే కదండీ వేసేం?" అన్నారు తాతబ్బాయి గారు.

"ఆయ్, ఇప్పుడేనండి."

"మరి ఇవెప్పుడు చచ్చేయి?"

"అక్టోబరులో మీరు చూశారు కదండీ, నేను వదుల్తున్నవి. అవి మీ కుప్పకే వచ్చాయండి."

ఆయన ఆలోచించారు. తరవాత చాలా నెమ్మదిగా, "వస్తాయండి. మంచి కుప్ప కదండీ" అన్నారు.

తోట సంగతి మీరే తేల్చాలి. నా మాట చెప్పేశాను.

జెస్సీ

*

విశాఖపట్నం
డిసెంబరు

జెస్సీకి,

సుభాష్‌కి ఫోన్ చేసి చెరువు లేదని చెప్పేశాను. వాడు చాలాసేపు ఏదో చెప్పాడు. నాకు వినబడలేదు. ఇదివరకు వాడి మాట బాగా వినబడేది. రేపు వచ్చి కర్రలు పీక్కుపోతాడు. రాకపోతే నువ్వే పీకెయ్, పందిరికి పనికొస్తాయి.

నీ పేరు కాగితాల మీద లేకపోవడం గురించి. నా వాటా నీ పేర రాయించమని వకీలుకి చెప్పాను. దీని గురించి నాకు థాంక్స్ అవీ రాయకు. రాస్తే చదవను.

ఇంకొకటి. నువ్వు పంపిన సీసా నేను పడెయ్యలేదు. అందులోంచి కొంచెం తీసి నా వంటింట్లో కొత్త సీసాల్లో పెంచాను. ఒక్కదాంట్లో కూడా నల్లమచ్చ రాలేదు. పనిమనిషి చూసి పక్క ఫ్లాట్లో చెప్పింది. పక్క ఫ్లాటు వాళ్ళు వచ్చి, "అమ్మగారూ, ఒంట్లో బాగుంటోందా, అన్నం తినకుండా సీసాల్లో దాచుకుంటున్నారట" అని అడిగారు. బాగుందన్నాను. ఉద్యోగమున్నంత కాలం క్రిములు ఎక్కడికీ వెళ్ళకుండా చూశాను. ఈ వయసులో ఒక పెట్టెడు కార్గోలో ఎక్కించి పంపుతున్నాను. సీసాలు నిలబెట్టే ఉంచు, పడుకోబెడితే దూది తడుస్తుంది.

సరోజిని

*

చింతలంక
జూన్

వదినగారికి వందనాలు.

మీరు చదవనన్నారు కాబట్టి ఆ మాట రాయడం లేదు.

తోట సంగతులు. వేసవిలో ఇంకో రెండు చెట్లు పోయాయి. అవి ముందే మొవ్వు కుళ్ళినవి, రోగం పురుగుకి పట్టినా వాటికి లాభం లేకపోయింది. మిగతావి నిలిచాయి. కొత్తగా విచ్చుకున్న ఆకుల్లో కోతలు బాగా తక్కువ. ఎర బకెట్లలో కొమ్ముపురుగులు అప్పుడప్పుడు ఒకటీ అరా పడుతున్నాయి, పూర్తిగా పోవు, పోవని కేంద్రంలో ముందే చెప్పారు. ఏటా తొలకరికి బూజు మళ్ళీ కలుపుతూ ఉండాలి. మీ సీసాల్లోవి మన కుప్పకీ, చర్చి వెనక తోటకీ సరిపోయాయి.

ఊళ్ళో మాత్రం దీని పేరు మెటారైజియం కాదు. తాతబ్బాయి గారి గత్తం. ఆయన కుప్పలో పచ్చపురుగులు బయటపడ్డ కబురు ఐనవిల్లి దాకా పోయింది. రైతులు బస్తాలు పట్టుకుని వస్తున్నారు. ఆయన అందరినీ కూర్చోబెట్టి, ముందు కుప్ప చరిత్ర చెప్పి, తరవాత ఒక్కొక్కరికి ఒక బస్తా గత్తం పచ్చపురుగులతో సహా ఇస్తున్నారు. వాళ్ళు తీసుకెళ్ళి తమ కుప్పల్లో కలుపుకుంటున్నారు. ఆయన డబ్బులేమీ తీసుకోవడం లేదు, చరిత్ర మాత్రం పూర్తిగా వినాలి. అందులో నేను కూడా వస్తాను. "పక్క తోట జెస్సీ గారు కూడా కొంత సాయం చేసేరండి" అంటారు. మొన్న వెంకటలక్ష్మి గారు తలుపు చాటునుంచి "కొంతేవిటండీ" అన్నారు. అప్పటి నుంచి "బాగా సాయం చేసేరండి" అంటున్నారు.

నేను దానికేమీ బాధపడడం లేదు. నేను ఊరూరా తిరిగినా ఇన్ని కుప్పలకి దాన్ని చేర్చగలిగేదాన్ని కాదు. పైగా ఊళ్ళో ఇప్పుడు నన్నెవరూ పురుగులమ్మా అనడం లేదు. సర్పంచి గారు తన కుప్ప చూసి వెళ్ళమని కబురు పెట్టారు. వెళ్తాను, కానీ రమ్మన్న రోజే వెళ్ళను.

మీ తమ్ముడికి అంతా చెప్పాను. దోహా రానని కూడా నేనే చెప్పాను, మీ చేత చెప్పించలేదు. ఆయన అలవాటుగా "అక్క ఏమంటే" అని మొదలుపెట్టారు. "మీ అక్కని కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఇక్కడికి వస్తారా, రారా?" అన్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన్ని ఇలా అడగడం ఇదే మొదటిసారి అనుకుంటాను. జవాబు చెప్పడానికి ఆయనకి చాలా రోజులు పట్టింది. నిన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఫోను మోగింది.

"కాంట్రాక్టు మళ్ళీ రాయించుకోవడం లేదు. వానాకాలం అయ్యేలోపల వచ్చేస్తాను" అన్నారు. తరవాత, "వచ్చి నేనేం చెయ్యాలి?" అన్నారు.

"పెంటకుప్ప తిరగెయ్యాలి" అన్నాను.

అక్కడ ఏసీ తిరుగుతున్న మోత వినబడింది.

"ఆయ్" అన్నారు.

జెస్సీ